డ్రమ్ సెట్ అమ్మి కెమెరా కొన్నాక

"నువ్వు డ్రమ్మర్‌వి కదా, ఎడిటింగ్ నీకు మంచినీళ్లు తాగినట్టు వచ్చేసుంటుంది." నా డాక్యుమెంటరీ చూసినవాళ్లలో చాలామంది ఇదే అంటారు. నాకు జరిగింది దీనికి రివర్సు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది నా తాళజ్ఞానమే. డ్రమ్స్ వల్ల సినిమాలో నాకు ఒనగూడిన లాభం వేరే చోట ఉంది, అది సౌండ్‌లో. రాక్ బ్యాండు నుంచి సొంత సినిమా దాకా ఎలా వచ్చానని కొందరు కుర్రాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఆ సంగతంతా రాస్తున్నాను.

మాది బరంపురం. ఒడిశా మ్యాపులో బ్రహ్మపూర్ అని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, బ్యాండులో ఇంగ్లీషు పాటలు. బ్యాండు పేరు మాత్రం ఇక్కడ రాయను. ఇరవయ్యేళ్ల వయసులో పెట్టుకున్న పేరు నలభై దాటాక పైకి చెప్పుకునేలా ఉండదు. నలుగురం ఉండేవాళ్లం. మగ్గాలు తీసేసి ఖాళీగా పడున్న మా పెదనాన్నగారి వెనక గది మా ప్రాక్టీసు రూము. పాత పరుపులు గోడలకి కట్టి, రాత్రి తొమ్మిదికల్లా ఆపేయాలన్న షరతు మీద వాయించుకునేవాళ్లం. గుణుపురం, భువనేశ్వర్, విశాఖ ఇంజనీరింగ్ కాలేజీల ఫెస్టులకి వెళ్లేవాళ్లం. రైలు ఖర్చులు ఇస్తే గొప్ప. డ్రమ్ సెట్ మోసుకెళ్లడం కుదరదు కాబట్టి పెడల్, స్నేర్ అనే చిన్న డ్రమ్ము, రెండు సింబల్స్ మాత్రం పట్టుకెళ్లి మిగతావి అక్కడ దొరికినవి వాడేవాణ్ణి. ప్రతి ఊళ్లో ముక్కూ మొహం తెలియని డ్రమ్ సెట్‌ని పది నిమిషాల్లో దారికి తెచ్చుకోవడం ఆ రోజుల్లో అబ్బిన విద్య. టామ్ తోలు వదులుగా ఉందా, గది రేకుల షెడ్డా, కాంక్రీటు హాలా, మైకు ఎంత దూరంలో పెట్టాలి అన్నది రెండు దెబ్బలు కొట్టి తేల్చేసేవాణ్ణి. అప్పట్లో దీన్ని విద్య అని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

రాక్‌తో అన్నం దొరకదని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. మెలొడీలో చేరాను. గంజాం జిల్లాలో మెలొడీ అంటే మనవాళ్లు అనే ఆర్కెస్ట్రా. అమ్మవారి పండగలు, గణేశ్ పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లు. డ్రమ్ సెట్ పక్కనపెట్టి ఆక్టాప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక ముందు నిలబడ్డాను. ఒక పాట ఒడియా, ఒకటి తెలుగు, ఒకటి హిందీ. డ్యాన్సర్ కాలు జారితే ఆ జారుడుకి కూడా ఒక దెబ్బ వెయ్యాలి. రాక్ మిత్రులు నన్ను వెక్కిరించారు గానీ, మనిషి ఒంట్లోని కదలికని చూస్తూ వాయించడం నాకు నేర్పింది మెలొడీయే.

తర్వాత పెళ్లి వీడియోలు. మొదట సౌండ్ పట్టుకోవడానికి పిలిచారు, తర్వాత రెండో కెమెరా ఇచ్చారు, చివరికి ఎడిటింగ్ నా నెత్తిన పడింది. ఇక్కడే డ్రమ్మర్ బుద్ధి మహా జోరుగా పనిచేసింది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 120 దెబ్బల పాట అయితే దెబ్బకి సరిగ్గా 12 ఫ్రేములు. పన్నెండు, ఇరవైనాలుగు, నలభైఎనిమిది... దెబ్బ పడ్డచోటల్లా కట్ చేసుకుంటూ పోతే పెళ్లికూతురు నవ్వూ, తలంబ్రాలూ, డ్రోన్ షాటూ అన్నీ చకచకా వచ్చేస్తాయి. పార్టీలు ఎగిరి గంతేసేవారు. నేను ఎడిటర్‌ని అయిపోయాననే అనుకున్నాను.

డ్రమ్ సెట్‌ని గజపతి జిల్లాలో ఒక చర్చికి నలభై ఐదు వేలకి అమ్మేశాను. ప్రతి ఆదివారం వాయిస్తారు కదా, మా ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుండే కంటే నయం. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఒక చిన్న రికార్డర్ కొన్నాను.

ఏం తియ్యాలన్న దాని మీద ఆలోచించే పని లేకపోయింది. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. చైత్రంలో మొదలై దాదాపు నెల్లాళ్లు. బుఢీ ఠాకురాణి అమ్మవారు తన గుడి నుంచి పుట్టింటికి వచ్చినట్టుగా దేశీబెహెరా సాహిలో (సాహి అంటే వీధి) కట్టిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్లు దేరా సమాజం, పట్టు నేసే తెలుగువాళ్లే. రాత్రిళ్లు ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. అన్నిట్లోకీ పులివేషం ముఖ్యం, ఒడియాలో బాఘ నాచ అంటారు. ఒంటికి పసుపు రంగు, నల్లచారలు, వెనక పొడుగాటి తోక. అందరూ పులిని తీస్తారు. పులి వెనకాల నడిచే ఢోలు మనిషిని ఎవరూ తియ్యరు. నేను ఆయన్ని తీద్దామనుకున్నాను.

ఆయన మా వీధికి రెండు వీధుల అవతల ఉంటారు. నాకు చిన్నప్పటి నుంచి మావయ్యే. వెళ్లి అడిగితే, "నన్నేటి తీస్తావురా అల్లుడూ, పులిని తియ్యి," అన్నారు. "పులిని నడిపించేది నువ్వే కదా మావా," అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా, "డబ్బులెంత?" అని అడిగారు. నాకు ఆ ప్రశ్న నచ్చింది. డాక్యుమెంటరీకి మనుషుల్ని డబ్బిచ్చి పెట్టుకోకూడదని సిద్ధాంతం చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ ఆయన వాయించే మనిషి, నేనూ ఒకప్పుడు వాయించి డబ్బు పుచ్చుకున్నవాణ్ణే. మామూలుగా రాత్రికి ఆయనకి వచ్చే కూలి ఎంతో అంతా ఇస్తానని ఒప్పుకున్నాను. ఒప్పంద పత్రం తెలుగులో రాసి చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకునే పద్ధతి నాకు దొంగతనంలా అనిపిస్తుంది.

షూటింగ్ గురించి పెద్దగా చెప్పను. జనం, చెమట, దుమ్ము. కొత్తవాళ్లకి పనికొచ్చే సంగతి ఒక్కటి: మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/60లో పెడితే వీధి ట్యూబులైట్లు ఊగుతాయి, 1/50లో పెట్టాలి. సీరియల్ లైట్లు మాత్రం ఏం చేసినా మిణుకుతాయి, వాటిని భరించడమే. గోపాల్‌పూర్ సముద్రం మీద ఒక డ్రోన్ షాట్ కావాలని మనసులో ఉండేది. అక్కడ ఆర్మీ వాయురక్షణ కళాశాల ఉంది. ఆ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేసే అనుమతుల కోసం తిరిగే ఓపిక లేక ఆ ఊహని అక్కడే వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఆ షాట్ లేకపోవడమే బాగుంది.

సౌండ్ దగ్గరకొస్తాను. ఊరేగింపులో ముందు పులి, పక్కన సన్నాయి లాంటి మహురి, వెనక ఢోళ్లు. ఇంకో పది గజాలు వెనకాల ఎవరిదో డి.జె. బండి, పెద్ద పెద్ద బాక్సులు, సినిమా పాటలు. కెమెరా మీది మైకులో పడేది డి.జె. ఒక్కటే. అసలు చిక్కు గోల కూడా కాదు, హక్కులు. సినిమాలో వేరేవాళ్ల పాట వాడాలంటే ఆ స్వరరచన హక్కుదారు దగ్గర ఒక అనుమతి, ఆ రికార్డింగ్ చేసిన కంపెనీ దగ్గర ఇంకో అనుమతి కావాలి. మన దేశంలో పాట రాసినవాళ్ల, స్వరపరచినవాళ్ల హక్కులు వాళ్ల మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటాయి. డి.జె.లో మోగేవన్నీ నిన్నగాక మొన్న వచ్చినవి. వీధిలో అనుకోకుండా వినబడింది అని వాదించవచ్చు గానీ వాదించడానికి లాయరుండాలి, లాయరుకి ఫీజుండాలి. మహురి వాయించే ఆయన కూడా తెల్లవారుజామున హుషారొచ్చి సినిమా పాటలే ఎత్తుకుంటారు.

ఇక్కడ డ్రమ్మర్ చెవి పనిచేసింది. కిక్ డ్రమ్‌కి వాడే డైనమిక్ మైకు నా దగ్గర పాతది ఒకటి మిగిలిపోయింది. అలాంటి మైకు ఎంత గట్టి చప్పుడునైనా తట్టుకుంటుంది, దూరంగా ఉన్నదాన్ని పెద్దగా పట్టించుకోదు. దాన్ని స్పాంజిలో చుట్టి మావయ్య ఢోలు తాళ్లకి, కర్ర పడే కుడివైపు తోలుకి జానెడు దూరంలో కట్టాను. రికార్డర్ ఆయన నడుముకి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో లెవెల్ దాటిపోయినా ఫైలు పగలదు, తర్వాత తగ్గించుకోవచ్చు. కాకపోతే మైకే తట్టుకోలేకపోతే ఏ ఫైలూ కాపాడదు, అందుకే మైకు ఎంపిక ముఖ్యం. ఎడమవైపు చేతి దెబ్బ ఎలాగూ కెమెరా మైకులో కొంత పడుతుందిలే అని ఒక్క మైకుతోనే సరిపెట్టాను. కెమెరా గడియారం, రికార్డర్ గడియారం ఒక్కలా నడవవు. గంట గడిచేసరికి ఫ్రేములు తేడా వస్తాయి. తర్వాత రెండిటినీ కలుపుకోవడానికి గుర్తుగా అప్పుడప్పుడూ కెమెరా ముందుకొచ్చి గట్టిగా చప్పట్లు కొట్టేవాణ్ణి. పక్కనున్నవాళ్లు అమ్మవారు పూనిందనుకున్నారేమో, దారిచ్చేవాళ్లు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే డి.జె. ఎక్కడో దూరపు ఉరుములా ఉంది, పాట ఏదో కూడా పోల్చుకోలేం. ఢోలు మాత్రం గుండె మీద కొట్టినట్టుంది. ఆ రాత్రి అనుకున్నాను, సినిమా ఉంది అని.

ఎడిటింగ్ మొదలెట్టాను. అలవాటు ప్రకారం దెబ్బకి ఒక కట్. మూడు నిమిషాల ముక్క తయారు చేసి మా పాత గిటారిస్టుకి పంపాను. "బాగుంది, ఎవరి పెళ్లి?" అని అడిగాడు. వాడికి వెటకారం ఎక్కువే గానీ చెవి మంచిది.

ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. ఢోలు క్లిక్ ట్రాక్ కాదు, అంటే ఒకే వేగంతో టిక్ టిక్‌మనే యంత్రపు తాళం కాదు. పులి ఉరికితే పరుగెత్తుతుంది, పులి కూర్చుని తోక ఊపితే సాగుతుంది. ఒకసారి 110, ఇంకాసేపటికి 140. నిమిషానికి 110 దగ్గర దెబ్బకి పదమూడు ఫ్రేముల పైన చిల్లర వస్తుంది. నా లెక్కలో పడదు. పైగా రాక్‌లో రెండో మాత్ర, నాలుగో మాత్ర మీద స్నేర్ పడుతుందని ఒళ్లు ముందే ఎదురుచూస్తుంది. మావయ్య వాయింపులో ఆ రెండూ నాలుగూ ఎక్కడున్నాయో నా చెవికి అంతుపట్టలేదు. అసలు తప్పు దెబ్బలో లేదు, కట్‌లో ఉంది. దెబ్బ దగ్గర కట్ చేస్తే చూసేవాడికి ఎడిటర్ కనబడతాడు, మావయ్య కనబడడు. చెయ్యి పైకి లేచి, కిందపడి, మోగి, ఆ మోత తగ్గుతుండగా ఆయన కళ్లు పులి పాదాల వైపు తిరుగుతాయి. తర్వాతి దెబ్బ ఆ చూపులో నిర్ణయమవుతోంది. నేను కోసేస్తున్నది సరిగ్గా ఆ చూపుని.

అప్పట్నుంచి టైమ్‌లైన్‌లో దెబ్బల గుర్తులు తీసేశాను. శబ్దాన్ని గీతల్లో చూపించే వేవ్‌ఫాం కనబడకుండా దాచి, బొమ్మ ఒక్కటే చూస్తూ కట్ చేశాను. తర్వాత సౌండ్ పెట్టుకుని, రాబోయే షాట్ శబ్దం కాస్త ముందే వినబడేలా, వెళ్లిపోయిన షాట్ శబ్దం కాస్త ఆలస్యంగా ఆగేలా జరిపాను. ఎడిటర్లు వీటిని జె కట్, ఎల్ కట్ అంటారు. పదిహేనేళ్లు మాత్ర తప్పకుండా ఉండటానికి కష్టపడ్డ చేతులకి కావాలని మాత్ర తప్పించడం ఎంత బాధో డ్రమ్మర్లకే తెలుస్తుంది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే అంతా చేశాను. 4కె దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది, మనలాంటివాళ్లకి అంతకంటే అక్కర్లేదు.

సినిమా నలభై నిమిషాల పైచిలుకు వచ్చింది. ఇక కాగితాల పర్వం.

యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఫెస్టివల్స్‌లో వేసే సినిమాలకి నిర్వాహకులు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. హాల్లో టికెట్ పెట్టి ఆడించాలన్నా, జాతీయ అవార్డులకి పంపాలన్నా మాత్రం సర్టిఫికెట్ ఉండి తీరాలి. నాకు రెండు ఆశలూ ఉన్నాయి. సెన్సార్ బోర్డుకి దేశంలో తొమ్మిది ప్రాంతీయ కార్యాలయాలు ఉంటే వాటిలో ఒకటి కటక్‌లో ఉంది. దరఖాస్తంతా ఆన్‌లైన్లోనే. 72 నిమిషాలు దాటకపోతే చిన్న సినిమా కింద లెక్క, ఫీజు కూడా తక్కువ. ఏజెంటు కావాలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కర్లేదు, ఓపికగా కూర్చుంటే ఎవరైనా నింపుకోవచ్చు. సంభాషణలన్నీ పొల్లుపోకుండా టైపు చేసి ఇవ్వాలి, అదొక్కటే నడుం విరిగే పని. మా సినిమాలో మనుషులు ఒక వాక్యం తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తారు. భాష అన్న గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1936లో ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు ఇది. ఇక్కడి మనుషుల మాటని ఒక గడిలో ఇరికించడం కష్టమే. చివరికి తెలుగు, ఒడియా రెండూ రాశాను.

ఇంకో చిక్కు మా అత్తతో వచ్చింది, అంటే మావయ్య భార్య. ఆవిడది శ్రీకాకుళం వైపు తీరం. అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. సినిమాలో నాకు ప్రాణమైన షాట్ అదే. మొగుడు ఊరేగింపు నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తూ, దూరంగా వినబడే ఢోలు బట్టి ఏ సందు దాకా వచ్చారో చెబుతుంటుంది. పొగాకు చూపించే సినిమాలకి 2012 నుంచి నియమం ఉంది: మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఆరోగ్య హెచ్చరిక స్పాట్ ముప్పై సెకన్లు, దానికి తోడు ఇరవై సెకన్ల ప్రకటన, పొగ కనబడినంతసేపూ తెర అడుగున హెచ్చరిక. మొత్తం నూరు సెకన్లు. మూడు గంటల సినిమాలో నూరు సెకన్లు లెక్కలోకి రావు, నలభై నిమిషాల సినిమాలో అది ఊపిరాడనివ్వదు. షాట్ తీసెయ్యమని స్నేహితులన్నారు. తియ్యలేదు. పొగాకు మంచిదని నేను అనను, అడ్డపొగ నోటికి చేసే హాని ఇంకా ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కానీ ఆవిడ చెవి నా సినిమాకి వెన్నెముక. స్పాట్లూ పెట్టాను, అడుగున అక్షరాలూ వేశాను. ఫెస్టివల్ కాపీ వేరే చేసుకున్నాను. యు సర్టిఫికెట్ వచ్చింది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో వచ్చిన సవరణ తర్వాత దీనికి కాలపరిమితి కూడా లేదు.

హాలు కాపీ, అంటే డి.సి.పి., డి.సి.పి.-ఓ-మేటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేశాను. ఒక జాగ్రత్త: ఆ కాపీ ఎక్కించి హాలుకి పంపే హార్డ్ డ్రైవు ఫార్మాట్ మామూలు విండోస్ కంప్యూటర్‌కి అర్థం కాదు, "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని అడుగుతుంది. ప్రొజెక్షన్ కుర్రాడు సరే అన్నాడంటే సినిమా గోవిందా. డ్రైవు మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి.

ఫెస్టివల్స్ గురించి తక్కువ మాట్లాడితే మంచిది. ఆన్‌లైన్లో ఎంట్రీ ఫీజులు డాలర్లలో ఉంటాయి. అవార్డు ఖాయమంటూ నెలకోసారి పోటీలు పెట్టేవాళ్లు కొల్లలు. సర్టిఫికెట్ పి.డి.ఎఫ్., ట్రోఫీ కావాలంటే మళ్లీ డబ్బు. ఒకటి రెండింటికి నేనూ కట్టాను. ముంబయి, తిరువనంతపురం లాంటి చోట్ల డాక్యుమెంటరీలకి నిజంగా ప్రేక్షకులుండే పండగలు ఉన్నాయి, ఆ డబ్బేదో అక్కడికి వెళ్లిరావడానికి పెట్టుకుంటే నలుగురి సినిమాలు చూడొచ్చు. పెద్ద ఫెస్టివల్స్‌లో కొన్ని ఇంతకుముందు ఎక్కడా పబ్లిక్‌గా పెట్టని సినిమాలే తీసుకుంటాయి, కాబట్టి తొందరపడి యూట్యూబ్‌లో ఎక్కించకండి.

వీధిలో వేసి చూపించాం, తెర కట్టి, మెలొడీ మిత్రుల స్పీకర్లు అడిగి తెచ్చుకుని. రాత్రి పదికల్లా మైకులు ఆపాలి కదా, ఏడున్నరకే మొదలెట్టాం. అత్త తన మొహం రాగానే, కింద అక్షరాలు చూసి, "ఏట్రా అది, నా పేరా?" అని అడిగింది. చదివి చెప్పాను. "మరి నా పేరెక్కడేశావు?" అంది. చివర్లో ఉందని చెప్పినా ఆవిడకి నచ్చలేదు.

మావయ్య ఒక్క ముక్క మాట్లాడకుండా మొత్తం చూశారు. జనం వెళ్లాక నన్ను పక్కకి పిలిచారు. "బానే ఉంది గానీ, నా ఎడం చెయ్యేది? కుడిచేతి దెబ్బ దడదడా ఇనబడతంది, ఎడం చెయ్యి అసల్నేదు. ఎడం చెయ్యి నేకపోతే పులి అడుగెలా ఏస్తాదిరా?" అన్నారు. ఇన్ని చోట్ల చూపించాను, ఇంతమంది సౌండ్ బాగుందన్నారు, ఈ మాట ఎవరూ అనలేదు.

కెమెరా మైకులో పడ్డ ఎడమచేతి మోతని డి.జె. నుంచి విడదీయడానికి ఇప్పుడు కూర్చుని చూస్తున్నాను, అంతగా రావడం లేదు. వచ్చే యాత్రకి ఇంకో మైకు, ఎడమవైపు తోలుకి. మావయ్య ఈసారి రేటు పెంచుతానంటున్నారు.